నల్ల టేపు కింది గడియారం

“నాలుగింటికి వ్యాను వస్తుంది వదినా. రాగానే ఈయన్ని ఎక్కించేస్తాను. ఆ తర్వాత మీరేం తేల్చినా కోర్టులో చెప్పుకోండి.”

ఇనస్పెక్టర్ ఆ మాట అనేసి, టోపీ తీసి బల్లమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. కేసు అయిపోయిన మనిషి కూర్చునే తీరు అది.

వదినగారు మాత్రం కూర్చోలేదు. ఆమె అతని అన్న భార్య. అన్న పోయాక ఆయన పెట్టిన చిన్న డిటెక్టివ్ ఏజెన్సీని ఒక్కతే నడుపుతోంది. ఎక్కడ ఎదురుపడినా మరిది ‘వదినా’ అని పిలవడంతో పోలీసు శాఖ మొత్తానికీ ఆమె వదినగారైపోయింది. తను తేల్చలేని కేసులు ఆమె తేల్చినప్పుడల్లా ఆ పిలుపు ఇనస్పెక్టర్ గొంతుకి అడ్డం పడేది. ఈసారి అలా జరగదని అతని ధీమా.

“నాలుగుకి ఇంకా టైముంది నాయనా,” అందామె మణికట్టు తిప్పి చూసుకుంటూ. మగవాళ్ళ గడియారం. ఆమె చేతికి బాగా వదులు.

“అన్నయ్య గడియారం ఇంకా నడుస్తోందా?”

“రోజూ కీ ఇస్తే నడవక ఏం చేస్తుంది? నమ్మకమైనది. నీలాగా తొందరపడదు.”

కుర్చీకి అవతల నిలబడ్డ మనిషి ఇదంతా వినిపించుకునే స్థితిలో లేడు. వాళ్ళున్నది మందులు దాచే శీతల గిడ్డంగి ఆఫీసులో. దానికి ఆయన స్టోర్ ఇన్‌ఛార్జి. రోజంతా చల్లటి గదుల మధ్య తిరుగుతాడు కాబట్టి ఏ కాలమైనా ఒంటిమీద స్వెట్టర్ ఉండాల్సిందే. కూలీలకి సైతం బడిపిల్లలకి చెప్పినట్టు థర్మామీటర్ చూడటం నేర్పుతాడు. అందుకే అందరికీ ఆయన చలి మాస్టారు. ఈ రోజు ఆ స్వెట్టర్ ఆయన ఒంటిమీద లేదు, అనుమానం తన మీదకి వచ్చిందన్న కంగారులో ఇంట్లోనే వదిలి వచ్చాడు. అద్దాల తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న భార్య ఒళ్ళో ఉంది. దాన్ని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది. పొద్దున్నే వదినగారి ఇంటి తలుపు తట్టింది ఆవిడే.

నిన్న సాయంత్రం లెక్క చూస్తే మూడో నంబరు చల్లగదిలో క్యాన్సర్ మందు పెట్టెలు ఆరు లేవు. అరచేతిలో పట్టేంత చిన్న పెట్టెలు. ఒక్కోదాని ధర చెబితే మామూలు మనిషి కూర్చుండిపోతాడు. పోలీసులు వెంటనే గేటు దగ్గర కాపలా పెట్టారు. అప్పట్నుంచీ ప్రతి సంచీ, ప్రతి జేబూ వెతికాకే బయటికి వదిలారు. పెట్టెలు దొరకలేదు.

“మాస్టారూ, నిన్న మూడో గది తలుపు తెరిచారా?” అంది వదినగారు.

“లేదమ్మా. నిన్న ఆ గదితో పనే పడలేదు.”

“మరి మిషను అబద్ధమాడిందా?” ఇనస్పెక్టర్ ఒక కాగితం ముందుకి తోశాడు. “చూడండి వదినా. ఈ తలుపులకి తాళంచెవులు లేవు. కంట్రోల్ రూములో కంప్యూటర్ తెర మీద బొత్తాం నొక్కితేనే తెరుచుకుంటాయి. ఎవరు నొక్కారో, ఎప్పుడు నొక్కారో అదే రాసుకుంటుంది. ‘మూడో గది. తెరిచినది స్టోర్ ఇన్‌ఛార్జి. మధ్యాహ్నం రెండూ పది.’ ఇంకేం కావాలి?”

“ఈ కాగితం నీకెవరిచ్చారు?”

“జనరల్ మేనేజర్ గారే స్వయంగా టైపు చేసి సంతకం పెట్టి ఇచ్చారు.”

“మిషన్ రాసుకున్నది నువ్వు చూడలేదన్నమాట.”

“అదీ ఇదీ ఒకటే కదా!”

వదినగారు మాస్టారి వైపు తిరిగింది. “పొద్దున్న ఆ కంప్యూటర్ ఆన్ చేసేది ఎవరు?”

“నేనేనమ్మా. అందరికంటే ముందు వచ్చేది నేనే. తొమ్మిదింటికి ఆన్ చేసి, నా పేరూ పాస్‌వర్డూ కొట్టి పెడతాను.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత సాయంత్రం దాకా అదే పేరు. లోడింగ్ వాళ్ళొస్తారు, నొక్కుతారు. ఆఫీసు వాళ్ళొస్తారు, నొక్కుతారు. ఎవరి పేరుతో వాళ్ళు వెళ్ళాలంటే కుదరదమ్మా.”

“ఎందుకు కుదరదు?”

“ఆ ప్లగిన్ అలుగుతుంది.” ఆ పరిస్థితిలోనూ మాస్టారి మొహంలో ఒక చిన్న నవ్వు మెరిసి పోయింది. “బ్రౌజర్‌కి తగిలించే చిన్న ముక్కని ప్లగిన్ అంటారట. తలుపుల బొమ్మ తెర మీదకి రావాలంటే అది ఉండాలి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసింది. కొత్త బ్రౌజర్లు దాన్ని గడప తొక్కనివ్వవు. అందుకని ఆ ఒక్క పాత కంప్యూటర్‌నే పసిపిల్లలా చూసుకుంటున్నాం. ఒకసారి బయటికొస్తే మళ్ళీ బొమ్మ రావడానికి అరగంట పట్టచ్చు, అసలు రాకపోవచ్చు. అందుకే పొద్దున్న ఎవరు తెరిస్తే ఆ పూటకి అందరూ వాళ్ళే.”

“విన్నావా మరిదీ? ఆ పేరు ఎవరిదైనా కావచ్చు.”

“సరే, పేరు కొట్టేయండి,” అన్నాడు ఇనస్పెక్టర్ ఏమాత్రం తొణక్కుండా. “టైము కొట్టేయగలరా? నిన్న రెండింటి నుంచి మూడింటి దాకా పైన హాల్లో మీటింగు. మొత్తం ఉద్యోగులు పైనే ఉన్నారు. జనరల్ మేనేజర్ మైకు ముందు ఉన్నారు. కింద ఉన్నది ఈయనొక్కడే. రెండూ పదికి ఆ బొత్తాం ఎవరి వేలు నొక్కిందండీ? గోడ నొక్కిందా?”

మాస్టారి తల వాలిపోయింది. “నన్ను రావద్దన్నారమ్మా. చల్లగదులు వదిలి రాకు, నువ్వు కిందే ఉండు అన్నారు.”

“ఎవరు?”

“జి.ఎం. గారే ఫోన్ చేశారు.”

“మీటింగ్ ఉందని మీకు ముందురోజే తెలుసా?”

“లేదమ్మా, నిన్ననే. మందుల శాఖ ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చారు. పదకొండింటికి నేనూ ఆవిడా మొదటి గదిలోకి వెళ్ళి అరగంట పాటు ప్రతి అరా చూశాం. ఆవిడ్ని పంపించి వచ్చి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. మధ్యాహ్నం రెండింటికి అందరికీ మీటింగ్, నువ్వు తప్ప అన్నారు. అప్పటిదాకా ఎవ్వరికీ ఆ ఊసే తెలీదు.”

వదినగారు తలుపు తెరిచి బయటికి వచ్చింది. బెంచీ మీది ఆవిడ గభాలున లేచింది.

“ఏమన్నారమ్మా? తీసుకుపోతారా?”

“ఇంకా లేదు.”

“పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరుతూ ‘నేను వెళ్తున్నా’ అన్నారమ్మా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెళ్ళొస్తా అనే అంటారు. వెనక్కి పిలిచి మళ్ళీ అనిపిద్దామనుకున్నా. అప్పటికే మెట్లు దిగిపోయారు.”

వదినగారి వేళ్ళు తెలియకుండానే మణికట్టు మీది గడియారాన్ని తడిమాయి. వెనక్కి పిలవకపోయిన ఒక పొద్దుట ఆమెకీ ఉంది. “ఆ స్వెట్టర్ మడత పెట్టకండి,” అంది. “కాసేపట్లో తొడుక్కుంటారు.”

అలా అనేశాక ఆమెకే భయమేసింది. చేతిలో ఇంకా ఏమీ లేదు.

*

జనరల్ మేనేజర్ గది చల్లగా, పొందిగ్గా ఉంది. ఆయనా అలాగే ఉన్నాడు. లేచి నిలబడి మరీ కుర్చీ చూపించాడు.

“రండి మేడమ్. మీ గురించి చాలా విన్నాను. నీళ్ళు తీసుకోండి.”

బల్లమీద నీళ్ళ సీసాలు ఏడెనిమిది వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి మూత తిప్పి ఇచ్చాడు. వదినగారు గుక్కెడు తాగి, సీసా వంక ఒకసారి చూసి, పక్కన పెట్టింది. బల్లకింద ఏదో సన్నగా గుర్రుమంటోంది.

“మంచి మనిషి మేడమ్, మా మాస్టారు,” అన్నాడాయన నిట్టూర్చి. “ఏం అవసరం వచ్చిందో ఏమో. నేనైతే కేసు వద్దనే అన్నాను. మీ ఇనస్పెక్టర్ గారే చట్టం అన్నారు.”

“ఆ ప్లగిన్ సంగతి చెప్పండి. చేసినవాళ్ళే వదిలేసిన దాన్ని పట్టుకుని ఇంత ఖరీదైన మందులకి కాపలా పెట్టారేంటండీ?”

“నడుస్తోంది కదా మేడమ్! నడుస్తున్న బండిని ఎవరైనా తీసుకెళ్ళి గ్యారేజీలో పడేస్తారా? అది మార్చాలంటే తలుపులు మార్చాలి, తలుపులు మార్చాలంటే గదులు ఖాళీ చేయాలి. ఆసుపత్రులకి మందులు ఆగిపోతాయి. వచ్చే ఏడాది చూద్దాం అంటున్నాం.”

“ఎన్నేళ్ళుగా?”

ఆయన నవ్వాడు. “మీరు గట్టివారే.”

“మీరెప్పుడైనా ఆ మిషన్ ముందు కూర్చున్నారా?”

“నేనా? నాకు మౌస్ పట్టుకోవడమే సరిగ్గా రాదు. అదంతా మా సిస్టమ్స్ అమ్మాయి చూసుకుంటుంది. నేను మనుషుల్ని చూసుకునే రకం.”

“అదృష్టవంతులు మీ మనుషులు,” అని వదినగారు లేచింది.

*

కంట్రోల్ రూము అంటే అల్మరా కంటే కొంచెం పెద్ద గది. మూల బల్లమీద పసుపెక్కిన పాత కంప్యూటర్. దాని నెత్తిన ఒక అట్ట: ‘పని వేళల్లో ఆపరాదు. అప్‌డేట్ చేయరాదు. ఎవరైనా అడిగితే వద్దు అని నొక్కాలి.’ తెర మీద నాలుగు తలుపుల బొమ్మలు, ఒక్కోదాని కింద ఆకుపచ్చ బొత్తాం.

సిస్టమ్స్ అమ్మాయి గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఇనస్పెక్టర్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “చూడండి వదినా, తీరిగ్గా చూడండి. ఎటూ వ్యాను వచ్చేదాకా నాకూ పని లేదు.”

“పని లేనివాడివి తలుపు మూసి లోపలికి రా. బయటివాళ్ళెవరూ వినకూడదు.”

ఆమె బల్ల చుట్టూ తిరిగింది. వెనక తీగలు చూసింది. కీబోర్డు మీద దుమ్ము చూసింది. ‘తెరువు’ అన్న బొత్తాం నొక్కీ నొక్కీ మౌస్ ఎడమ వైపు రంగు పోయింది. అందులో వింతేం లేదు. తర్వాత తెరకి మొహం దగ్గరగా పెట్టి, కింది కుడి మూల వేలితో రాసింది. అక్కడ చిన్న నల్ల టేపు ముక్క అతికించి ఉంది. అన్నిటిమీదా దుమ్ముంది, దానిమీద లేదు.

“ఇదేంటమ్మాయ్?”

సిస్టమ్స్ అమ్మాయి దగ్గరికొచ్చి చూసింది. మొహంలో నిజమైన ఆశ్చర్యం. “తెలీదండీ. ఇది నేను పెట్టలేదు. నిన్న మధ్యాహ్నం లేదు.”

వదినగారు గోటితో టేపు లేవదీసింది. దాని కింద కంప్యూటర్ గడియారం. ఆమె తెర చూసింది. చేతి గడియారం చూసింది. మళ్ళీ తెర చూసింది.

“మరిదీ, ఇప్పుడు టైమెంత?”

“మూడూ నలభై.”

“దీనికి ఆరూ నలభై అయింది. అదీ పొద్దున ఆరు. తారీఖు జనవరి ఒకటి. ఏడాది చూస్తే, అప్పటికి నువ్వు ఎస్సైవి.”

ఇనస్పెక్టర్ కట్టుకున్న చేతులు విప్పాడు.

సిస్టమ్స్ అమ్మాయి బిక్కమొహం వేసింది. వదినగారు స్టూలు లాగి ఆ పిల్లని కూర్చోబెట్టింది. “భయపడకు. ఏం చేశావో అదే చెప్పు. అవతల ఒక మనిషిని వ్యాను ఎక్కించబోతున్నారు.”

“ఆ ప్లగిన్‌ని వదిలేసేటప్పుడు కంపెనీ వాళ్ళు దానికి గడువు పెట్టారండీ. ఆ తారీఖు దాటితే దానంతటదే పనిచేయడం మానేస్తుంది. గడువు అయిపోయిన రోజు తలుపులు తెరుచుకోలేదు. ఆసుపత్రుల నుంచి ఒకటే ఫోన్లు. జి.ఎం. గారు ఏదో ఒకటి చేయి అన్నారు. నేను తారీఖు వెనక్కి తిప్పాను, పనిచేసింది. కానీ రోజూ తిప్పడం మర్చిపోతే?” ఆ అమ్మాయి కంప్యూటర్ పెట్టె వైపు చూపించింది. “లోపల గడియారం నడిపే చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుందండీ. దాన్ని పీకేశాను. బ్యాటరీ లేకపోతే కరెంట్ ఇచ్చిన ప్రతిసారీ దానికి మొదటి తారీఖు, అర్ధరాత్రి పన్నెండు నుంచే లెక్క మొదలవుతుంది. రాత్రి ఆపేస్తాం, పొద్దున్న ఆన్ చేస్తాం. ఎప్పటికీ గడువు రాదు.”

“అంటే దీనికి రోజూ అదే రోజు,” అంది వదినగారు నెమ్మదిగా.

ఒక్క క్షణం ఆమె ఆ పాత పెట్టెని అసూయగా చూసింది. తెల్లారితే మళ్ళీ అదే పొద్దుట. ఎవరూ ఇంకా గడప దాటలేదు. తర్వాత తల విదిల్చుకుంది.

“ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“జి.ఎం. గారికి మాత్రమే. ‘భలే బుర్రే నీది, కానీ బయట అనకు, కస్టమర్లు పారిపోతారు’ అన్నారు. పోలీసులకి ఇచ్చే కాగితం కూడా నేను తీయబోతే, నువ్వు తప్పుకో, నేనే టైపు చేసి ఇస్తా అన్నారు. అందులో ఏం రాశారో నాకు చూపించలేదండీ.”

“ఇప్పుడు నువ్వు చూపించు. నిన్నటి వరస తియ్యి.”

అమ్మాయి మౌస్ కదిపింది. తెర మీద వరసలు దిగాయి. అన్నిటికీ అదే జనవరి ఒకటి; వేళ మళ్ళీ సున్నా నుంచి మొదలైన చోటల్లా కొత్త రోజు. నిన్నటి వరసలో మూడో గది ఒక్కసారే ఉంది. పక్కన సున్నా రెండూ పది. అంటే రాత్రి రెండూ పది.

“మధ్యాహ్నం అన్న మాట కాగితంలో మాత్రమే ఉంది నాయనా,” అంది వదినగారు. “మిషన్ ఆ మాట అనలేదు. అది చెప్పిందల్లా, నన్ను లేపిన రెండు గంటల పది నిమిషాలకి తలుపు తెరిచారు అని. మాస్టారు దాన్ని తొమ్మిదింటికి లేపారు. లెక్క నువ్వు చెయ్యి. చిన్నప్పుడు లెక్కల్లో నువ్వే ఫస్టని మీ అమ్మగారు తెగ చెప్పేవారు.”

ఇనస్పెక్టర్ లెక్క చేశాడు. చేస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

“పదకొండూ పది. అప్పుడు మాస్టారు...”

“మొదటి గదిలో ప్రభుత్వ ఆఫీసరమ్మ పక్కన నిలబడి థర్మామీటర్ చూపిస్తున్నారు. నమ్మకం లేకపోతే ఆవిడకి ఫోన్ చెయ్యి.”

ఇనస్పెక్టర్ అప్పటికే ఫోన్ తీశాడు. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. “నిజమే. పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఆయన తన పక్కనుంచి కదల్లేదంటోంది.” గొంతు సవరించుకున్నాడు. “కానీ వదినా, పదకొండింటికి భవనం నిండా జనం. ఇంతమందిలో ఎవరని?”

“మధ్యాహ్నం రెండింటికి తనెక్కడున్నాడో అందరికీ కనబడాలని ఎవరికి ఉందో వాడే.”

“అదేంటి? దొంగతనం పదకొండింటికైతే రెండింటికి ఎక్కడుంటే ఏంటి?”

“అక్కడే ఉంది వాడి తెలివి. మామూలు దొంగ, తప్పు చేసిన వేళకి తను అక్కడ లేనని చూపించుకోడానికి తిప్పలు పడతాడు. వీడు ముందు పని కానిచ్చి, తెర మీద ఏ వేళ పడిందో చూసుకున్నాడు. రెండూ పది! ఇక ఏముంది? మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ పెట్టేశాడు. ఊరంత మందినీ పైకి ఎక్కించి, మైకు ముందు నిలబడి, ఒక్క మనిషిని మాత్రం కింద వదిలాడు. మీటింగ్ కబురు పదకొండున్నర దాటాకే వచ్చింది, విన్నావు కదా.”

ఇనస్పెక్టర్ తల ఊపాడు. “ఊహ బాగుంది. కానీ మైకు ముందు ఉపన్యాసం ఇచ్చాడని అరెస్టు చేస్తే మా పైవాళ్ళు నన్ను ఉపన్యాసాలకే పంపుతారు. రుజువు?”

“పద, ఇప్పిస్తాను. ఒక్క షరతు. అక్కడ నువ్వు మాస్టారినే దొంగ అనుకుంటున్నట్టు ఉండు.”

“ఇందాకటిదాకా అలాగే ఉన్నాగా,” అన్నాడు ఇనస్పెక్టర్ దిగులుగా.

*

జనరల్ మేనేజర్ మళ్ళీ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కుర్చీలు చూపించాడు.

“అయిందా మేడమ్ తనిఖీ?”

“అయిందండీ. మావాడిదే గెలుపు.” వదినగారు అలిసిపోయినట్టు కూర్చుంది. “ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఆ కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంది. ఎంత తప్పో మాకు అంతుపట్టలేదు. రేపు ఎవరో నిపుణుణ్ణి పిలిపిస్తారట. అంతవరకు నిన్న ఎవరెవరు ఎక్కడున్నారో రోజంతా రాసివ్వమని అందర్నీ అడుగుతున్నాడు మావాడు. ఉత్త తంతు.”

“గడియారం తప్పా!” ఆయన కనుబొమలు పైకెత్తాడు. “నాకు తెలీనే తెలీదు. అడగండి, నాదేముంది? రెండింటికి నేను పైన మైకు ముందు. పదకొండూ పది అప్పుడు ఇదే గదిలో ఫోన్లో ఉన్నాను. కావాలంటే ఫోన్ కంపెనీని అడగండి.”

గదిలో బల్లకింది గుర్రు ఒక్కటే వినిపించింది.

“పదకొండూ పది గురించి మిమ్మల్ని ఎవరడిగారండీ?” అంది వదినగారు.

“మీరే... మీరు ఇందాక...”

“నేను రోజంతా అన్నాను. పొద్దున్నది వదిలేసి, పన్నెండూ ఒంటిగంటా వదిలేసి, సరిగ్గా పదకొండూ పది పట్టుకున్నారు. ఆ వేళ ఈ భవనంలో ఇద్దరికే తెలియాలి. మిషన్‌కి, బొత్తాం నొక్కినవాడికి. పది నిమిషాల క్రితం మాకు తెలిసింది. మేం ఎవరికీ చెప్పలేదు.”

ఆయన మొహంలో రంగు మారింది. కానీ మెత్తటివాడు కాదు. రెండు క్షణాల్లో నిలదొక్కుకున్నాడు. “ఇనస్పెక్టర్ గారూ, నోరు జారిన ఒక్క మాట మీద మీరు...”

“మాట మీద కాదు లెండి.” వదినగారు వరసగా ఉన్న సీసాల్లో ఒకటి తీసి మరిది చేతిలో పెట్టింది. “తాగు.”

ఇనస్పెక్టర్ అర్థం కాక ఒక గుక్క తాగాడు. “వెచ్చగా ఉన్నాయి.”

“ఈయన బల్లకింద ఫ్రిజ్ ఉంది. గుర్రుమంటోంది, వినపడుతోందా? ఫ్రిజ్ పెట్టుకున్న పెద్దమనిషి ఇంటికొచ్చిన అతిథికి వెచ్చటి నీళ్ళు ఇస్తాడా? సీసాలన్నీ బల్లమీదకి ఎందుకొచ్చాయి? లోపల చోటు చాలక. ఆ మందు చలి లేకపోతే చెడిపోతుంది, నిన్న సాయంత్రం నుంచీ గేటు దాటించే దారి లేదు. పాపం, ఇంకెక్కడ దాచుకుంటాడు?”

జనరల్ మేనేజర్ కుర్చీ వెనక్కి జరిగింది. ఇనస్పెక్టర్ ఒక్క అంగలో బల్ల అవతలికి చేరి, ఫ్రిజ్ తలుపు లాగాడు. ముందు వరసలో పెరుగు డబ్బా, రెండు పళ్ళు. వాటిని పక్కకి తోశాడు. వెనక తెల్లటి చిన్న పెట్టెలు, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి.

“ఆరు,” అన్నాడు ఇనస్పెక్టర్. ఆ ఒక్క అంకె అతను ఎంత ఆనందంగా పలికాడంటే, కేసు ఎవరిదో ఒక్క నిమిషం మర్చిపోయాడు.

కింద వ్యాను హారన్ మోగింది.

“చెప్పిన వేళకే వచ్చింది,” అంది వదినగారు. “ఖాళీగా పంపకు నాయనా.”

*

మాస్టారి భార్య ఏడవలేదు. స్వెట్టర్ విప్పి పట్టుకుంది. ఆయన చిన్నపిల్లాడిలా ఒక చెయ్యి దూర్చాడు, రెండో చెయ్యి దూర్చాడు. బొత్తాలు ఆవిడే పెట్టింది. లోడింగ్ వాళ్ళంతా చుట్టూ చేరి గోల గోలగా మాట్లాడుతున్నారు. ఎవరో “మాస్టారికి చలేస్తోంది, జరగండ్రా!” అంటే అందరూ పడీపడీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇనస్పెక్టర్ ఆయన ముందుకి వచ్చి టోపీ తీశాడు. “క్షమించండి మాస్టారూ. కాగితం చూశాను గానీ మిషన్ చూడలేదు.” ఆ తర్వాత వదినగారి పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. “ఈ సంగతి ఇంట్లో మీ తోడికోడలికి మాత్రం చెప్పకండి. ఏడాదంతా వాయిస్తుంది.”

“ఆదివారం భోజనానికి పిలిస్తే ఆలోచిస్తాను.”

“లంచం అడుగుతున్నారు!”

“వదినని. అడుగుతాను.”

అప్పుడు కంట్రోల్ రూములోంచి సిస్టమ్స్ అమ్మాయి కేక వినిపించింది.

“మేడమ్! మేడమ్, ఇలా రండి!”

వదినగారు పరుగెత్తింది. ఇనస్పెక్టర్ ఆమె వెనకే. ఆ పిల్ల గదిలో గోడకి అతుక్కుపోయి ఉంది, రెండు చేతులూ పైకెత్తి. మౌస్ బల్లమీద ఒంటరిగా పడి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు.

తెర మీద బాణం గుర్తు కదులుతోంది.

తడుముకోవడం లేదు, తడబడటం లేదు. ఇల్లు తెలిసిన మనిషి నడిచినట్టు తలుపుల బొమ్మలు దాటింది. వరసలు దాచిన చోటు తెరిచింది. నిన్నటి వరస దగ్గర ఆగింది.

“ఎవరది?” ఇనస్పెక్టర్ తెర మీదకి వంగాడు. “వాడు వ్యానులో ఉన్నాడు కదా! చేతికి బేడీలేశాం!”

“నెట్ తీగ ఉందండీ దీనికి,” అంది అమ్మాయి. “ఇంటి నుంచి తలుపులు చూసుకోవాలని జి.ఎం. గారే పెట్టించారు. వద్దని మొత్తుకున్నాను. ఈ ప్లగిన్‌కి ఎక్కడ కన్నం పడ్డా పూడ్చే నాథుడు లేడు, బయటివాళ్ళు ఎవరైనా దూరచ్చు అన్నాను. నడుస్తోంది కదా అన్నారు.”

బాణం గుర్తు ‘అన్నీ చెరుపు’ అన్న బొత్తాం మీదకి వచ్చింది. నొక్కింది. తెర మధ్యలో ప్రశ్న లేచింది: నిజంగా చెరపాలా? అవును. కాదు.

ఆ వరస పోతే మాస్టారు పదకొండూ పదికి నిర్దోషి అనడానికి సాక్ష్యం పోయినట్టే. పెట్టెలు మాస్టారే దొంగిలించి నా ఫ్రిజ్‌లో పెట్టాడని రేపు జి.ఎం. అనచ్చు. టైపు కొట్టిన కాగితం ఒక్కటే మిగులుతుంది. తెరిచి ఉన్న తలుపులోంచి వదినగారికి స్వెట్టర్ వేసుకున్న మనిషి వీపు కనిపించింది. భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఉంది.

బాణం గుర్తు ‘అవును’ వైపు జారింది.

“ఆపితే మళ్ళీ లేవదేమోనండీ! తలుపులు...” అని అమ్మాయి అరుస్తూనే ఉంది.

వదినగారు బల్లకింద చెయ్యి పెట్టి, దొరికిన తీగలన్నీ గుప్పిట పట్టి, ఒక్క గుంజు గుంజింది.

తెర నల్లబడింది. పాత పంకా ఒకటి చిన్నగా మూలిగి ఆగిపోయింది. ‘పని వేళల్లో ఆపరాదు’ అన్న అట్ట ఊగి, నేల మీద పడింది.

“పోయిందా?” అన్నాడు ఇనస్పెక్టర్.

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె పక్కన చెవి ఆనించింది, డాక్టర్ లాగా. తర్వాత తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. “నొక్కకముందే ఆగిందండీ. వరసలు డిస్కులో భద్రంగా ఉంటాయి. నెట్ తీగ లేకుండా ఆన్ చేస్తే తలుపులూ తెరుచుకుంటాయి. అలిగినా సరే, నేను కూర్చుని లేపుతాను.”

“డిస్కు మాత్రం ముందు మావాడి చేతికి ఇవ్వు. నకలు తీసుకుని నీ మిషన్ నీకిస్తాడు.” వదినగారు గుప్పిట విప్పి తీగలు వదిలింది. 

గుమ్మం దగ్గర చలి మాస్టారు నిలబడి ఉన్నాడు, భార్యతో. లోపల ఏం తప్పిందో ఆయనకి తెలీదు. “అమ్మా, మమ్మల్ని పొమ్మన్నారు,” అన్నాడు. “వెళ్ళొస్తాం.”

“వెళ్ళిరండి,” అంది వదినగారు. వాళ్ళిద్దరూ మెట్లు దిగి, గేటు దాటి, మలుపు తిరిగేదాకా కళ్ళు తిప్పలేదు.

తర్వాత మరిది వైపు తిరిగింది. అతను నల్లబడ్డ తెరలో తన మొహమే చూసుకుంటూ నిలబడ్డాడు.

“వదినా, బయటినుంచి ఆ బాణం కదిపినవాడు ఆరు పెట్టెల కోసమే ఇంత తెలివిగా కాపు కాస్తాడా?”

“కాయడు. ఈ తాళం మార్చనివ్వకుండా ఇన్నేళ్ళు ఒక మేనేజర్‌ని కూర్చోబెట్టుకున్నాడంటే వాడికి కావాల్సింది ఆరు పెట్టెలు కాదు.” ఆమె అమ్మాయిని అడిగింది. “ఈ ప్లగిన్ మీదే నడుస్తున్న తలుపులు ఇంకెక్కడైనా ఉన్నాయా?”

“ఇవే తలుపులు పెట్టించుకున్న చోట్లన్నిట్లో ఉన్నాయండీ.” అమ్మాయి వేళ్ళు మడిచింది. “రక్తనిధి. రెండు ఆసుపత్రులు. ఇంకా...” ఆగిపోయి ఇనస్పెక్టర్ వంక బెరుగ్గా చూసింది. “మీ పోలీసుల సాక్ష్యాల గది.”

ఇనస్పెక్టర్ జేబులో ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి. ఎత్తి, విని, వదినగారి చేతికి ఇచ్చాడు.

“సార్,” అంటోంది అవతలి గొంతు, “సాక్ష్యాల గది తలుపు దానంతటదే తెరుచుకుంది సార్. రికార్డులో మీ పేరు పడింది.”

వదినగారు ఫోన్ పెట్టేసింది. మరిది మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మధ్యాహ్నం ఇదే మొహంతో ఒక మనిషి అతని ఎదురుగా నిలబడ్డాడు.

ఆమె చేతి గడియారానికి నెమ్మదిగా కీ ఇచ్చింది. 

“టోపీ పెట్టుకో నాయనా,” అంది. “నీ కేసు నేనే తీసుకుంటున్నాను.”